విషయం: "కస్టమర్ స్పందించలేదు" అని మీరు మూసేసిన టికెట్ గురించి

కస్టమర్ సపోర్ట్ విభాగం అధిపతి గారికి,

నమస్కారం. మీ పేరు తెలిస్తే పేరుతోనే రాసేవాణ్ని. మీవాళ్లను ముగ్గురిని అడిగాను. ఒకరు ఆ వివరాలు ఇవ్వకూడదన్నారు, ఒకరు హోల్డ్‌లో పెట్టి మర్చిపోయారు, మూడో మనిషికి మీ పేరు నిజంగానే తెలియదు.

మాది తెనాలిలో ఒక ట్రస్టు ఆసుపత్రి. ఓపీ రిజిస్ట్రేషన్, ల్యాబ్, ఫార్మసీ బిల్లింగ్ అన్నీ నాలుగు హోస్టుల మీద, అంటే నాలుగు సర్వర్ల మీద, వర్చువల్ మెషీన్లుగా, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్లుగా నడుస్తాయి. వాటన్నిటినీ ఒకచోట నుంచి చూసుకోడానికి మీ మేనేజ్‌మెంట్ సర్వర్ కొన్నాం. మొన్న సోమవారం సాయంత్రం దానికీ దాని డేటాబేస్‌కీ మధ్య కనెక్షన్ పోయింది. సర్వీసు స్టార్ట్ చేస్తే రెండు నిమిషాలుంటుంది, ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్ అన్నాక పాడవుతుంది. దానికి ఉత్తరాలు రాసే అలవాటు నాకు లేదు. తొమ్మిదేళ్లుగా మీ సరుకు వాడుతున్నాం, ఇదే మొదటి ఉత్తరం.

ఏడింటికి మీ సపోర్ట్‌కి ఫోన్ చేశాను. ఎత్తినాయన చాలా మర్యాదస్తుడు. "మీ వర్చువల్ మెషీన్లు నడుస్తున్నాయా సార్?" అన్నారు. నడుస్తున్నాయన్నాను. మేనేజ్‌మెంట్ సర్వర్ పడిపోయినంత మాత్రాన అవి ఆగవు, వాటి మానాన అవి హోస్టుల మీద నడుస్తూనే ఉంటాయి. కానీ మా మూడో హోస్టులో ఒక మెమరీ మాడ్యూల్ ఎర్రర్లు చూపిస్తోందనీ, దాని మీదున్న ల్యాబ్ మెషీన్‌ని ఆపకుండా ఇంకో హోస్టుకి మార్చాలంటే మీ సర్వరే దిక్కనీ, రాత్రి బ్యాకప్ కూడా దాని ద్వారానే మొదలవుతుందనీ చెప్పాను. అంతా విని, "అయితే ప్రొడక్షన్ డౌన్ కాలేదు కదా సార్" అని సివియారిటీ 1, అంటే అత్యవసరం, అని ఉన్న నా ఫిర్యాదు టికెట్‌ని 3కి దించేశారు. నిజం చెప్పినందుకు నాకు దక్కిన బహుమానం అది. ఈసారి ఆసుపత్రి తగలబడుతోందని చెబుతాను.

మంగళవారం లాగ్స్ అడిగారు, అంటే సర్వర్ తాను చేసిందంతా రాసుకునే ఫైళ్లు. రెండు జీబీ చిల్లర. మా లైన్ మీద అప్‌లోడ్ అవడానికి పగలంతా పట్టింది. బుధవారం పొద్దున ఇంకొకాయన ఫోన్ చేసి, "నమస్తే సార్, అసలు సమస్య ఏమిటో మొదటి నుంచి చెబుతారా? లాగ్స్ కూడా పంపగలరా?" అన్నారు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టు ఉంది. నిన్న పంపాను కదండీ అంటే, ఆ లింకు గడువు అయిపోయిందట, వాళ్లకు కనిపించడం లేదట. మళ్లీ పంపాను. మళ్లీ పగలంతా.

ఈలోగా మెయిల్లో సలహాలు. సర్వీసు రీస్టార్ట్ చేయమన్నారు, చేశాను. డేటాబేస్‌కి దారి అయిన 1433 పోర్టు తెరిచి ఉందో లేదో చూడమన్నారు, ఉంది. సర్వీసు అకౌంట్ పాస్‌వర్డ్ మారిందేమో అన్నారు, మారలేదు. సర్వర్‌ని డేటాబేస్‌తో కలిపే ఓడీబీసీ కనెక్షన్ టెస్ట్ చేయమన్నారు. చేస్తే సక్సెస్ అని వచ్చింది. స్క్రీన్‌షాట్ పంపాను. దానికి వచ్చిన జవాబు చూడండి: "డేటాబేస్ మా ప్రొడక్టు కాదు. మైక్రోసాఫ్ట్‌ని సంప్రదించగలరు."

అయ్యా, ఆ డేటాబేస్, అదే మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్, మా ఇంట్లో పుట్టింది కాదు. మీ ఇన్‌స్టాలరే తెచ్చి పెట్టింది. నేను చేసిందల్లా నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కడం. పిల్లను మీరే చూసి, పెళ్లి మీరే చేసి, ఇప్పుడు ఆ అమ్మాయెవరో మాకు తెలియదంటే ఎలాగండీ?

గురువారం మధ్యాహ్నం 3 గంటలకు రిమోట్ సెషన్ అన్నారు. 2:55కే కూర్చున్నాను. తెర మీద "ఇంజనీర్ ఇప్పుడే చేరతారు" అన్న మాట, పక్కన చిన్న గళ్లో నా ముఖం. 47 నిమిషాలు నా ముఖం నేనే చూసుకున్నాను. క్యాంటీన్ కుర్రాడు పెట్టిన టీ మీద మీగడ కట్టింది. మధ్యలో ల్యాబ్ నుంచి రెండుసార్లు ఫోన్, "మెషీన్ ఆగిపోదు కదా సార్" అని. అక్కడికి నేనేదో దాని ప్లగ్గు పట్టుకుని కూర్చున్నట్టు. సాయంత్రం మీ నుంచి మెయిల్ వచ్చింది: "మా ఇంజనీర్ మీకోసం వేచి చూశారు, మీరు రాలేదు." ఆయన ఏ దేశం గడియారంలో 3 గంటలకు వేచి చూశారో మీరే కనుక్కోవాలి.

అదే రాత్రి ఎనిమిదింటికి ఇంకో ఫోన్. ఒకమ్మాయి. రాసిచ్చినదంతా ఇంగ్లీషులో చదివేసి, పెట్టేసేముందు గొంతు తగ్గించి తెలుగులో, "సార్, డేటాబేస్ ఫైలు సైజు ఒకసారి చూడండి" అంది. ఆ ఒక్క మాటే. చూస్తే ఏముంది, సరిగ్గా 10 జీబీ. ఎక్స్‌ప్రెస్ ఉచితంగా వచ్చేది కాబట్టి మా ఎడిషన్‌లో డేటాబేస్ 10 జీబీ దాటనివ్వదు. అంతేకాదు, టైము పెట్టి పాత చెత్త ఊడ్పించే ఏజెంట్ అందులో ఉండదు. తొమ్మిదేళ్ల ఈవెంట్లు, టాస్కులు, ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో అన్నీ అందులోనే పేరుకుపోయాయి. తలుపు తీసే ఉంది, కాబట్టి టెస్టులో సక్సెస్. లోపల మాత్రం సంక్రాంతి ముందు రోజు జనరల్ బోగీ. రాయడానికి చోటు దొరక్క మీ సర్వీసు చచ్చిపోతోంది. నేను రెండుసార్లు పంపిన లాగ్స్‌లో 1105 అనే ఎర్రర్ వరసగా పేజీలకు పేజీలు ఉంది, చోటు లేదు మొర్రో అని. అంటే నాలుగు రోజుల్లో మీలో ఒక్కరు కూడా ఆ ఫైలు తెరవలేదన్నమాట.

అర్ధరాత్రి దాకా ఆగి, డేటాబేస్ బ్యాకప్ తీసుకుని, ఆరు నెలలు దాటిన ఈవెంట్లను కొంచెం కొంచెంగా తీసేశాను. నాలుగింటికి సర్వీసు స్టార్ట్ చేసి గడియారం చూస్తూ కూర్చున్నాను. రెండు నిమిషాలు దాటింది. ఐదు. పది. ల్యాబ్ మెషీన్‌ని రెండో హోస్టుకి మార్చి, ఇంటికి పోకుండా అక్కడే బల్ల మీద పడుకున్నాను. మెమరీ మాడ్యూల్ మాట అంటారా, గుంటూరులో మాకు సర్వర్లు అమ్మిన డీలరు పొద్దున్నే బైక్ మీద కుర్రాడిచేత పంపించాడు. అతనికి సివియారిటీ అంటే ఏమిటో కూడా తెలియదు.

శుక్రవారం పదింటికి మీ మెయిల్. "కస్టమర్ నుంచి స్పందన లేనందున ఈ టికెట్ మూసివేస్తున్నాం." ఐదు నిమిషాలకు ఇంకోటి, మా సేవలకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని. మొదటి మెయిల్ మా ట్రస్టు సెక్రటరీ గారికి కూడా వెళ్లింది, కాంట్రాక్టు ఆయన పేరు మీద ఉంది కాబట్టి. పెద్దాయన, రిటైరైన లెక్చరరు. కాగితం మీద ఉన్నదే ఆయనకు నిజం. "ఏమయ్యా, నాలుగు రోజులు తంటాలు పడ్డానన్నావు, వాళ్లకు జవాబే ఇవ్వలేదట?" అన్నారు. నేను చేసిన 11 ఫోన్లు, 19 మెయిళ్లు ముందు పెట్టాను. చదివారు. చదివినా ఆ "స్పందన లేనందున" అన్న ముక్క ఆయన మనసులోంచి పోలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

డబ్బు వాపసు అడగడం లేదు. ప్రతి మార్చిలో 18 శాతం జీఎస్టీతో సహా సపోర్ట్‌కి కడుతున్నాం, ఒక్క ఏడాదీ ఒక్క రోజు ఆలస్యం చేయలేదు. నా మాట మీద ఇక్కడి రెండు కాలేజీలు మీ సరుకు కొన్నాయి. అవన్నీ పక్కన పెట్టండి. ఆ టికెట్ మళ్లీ తెరిచి, మూసిన కారణం దగ్గర జరిగింది రాయండి. సెక్రటరీ గారికి కూడా అదే మెయిల్ పంపండి. ఇంగ్లీషులో ఒక్క వాక్యం చాలు.

పది రోజులు చూస్తాను. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, గుంటూరు వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తాను. వ్యాపారానికి కొన్నవాళ్లు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారులు కారని మీ లాయర్లు అంటారు. మాది ట్రస్టు, అక్కడే తేల్చుకుందాం. వచ్చే మార్చి సంగతి అప్పుడు చెబుతాను. ఆ రెండు కాలేజీల వాళ్లతో ఇప్పటికే మాట్లాడాను.

ఇంకొక్క మాట. గురువారం రాత్రి కాల్ రికార్డింగ్ వెతికి, స్క్రిప్టులో లేని మాట చెప్పిందని ఆ అమ్మాయి మీద పడకండి. మీ సపోర్ట్ మొత్తంలో నాకు అందిన సపోర్ట్ ఆమె ఒక్కతే.

నా నంబరు టికెట్‌లో ఉంది. ఫోన్ చేసేవారు ముందు ఈ ఉత్తరం చదివి చేయండి, మొదటి నుంచి మళ్లీ చెప్పలేను.

ఇట్లు,
సిస్టమ్ అడ్మిన్,
తెనాలి