షో గ్రిల్లు సంగతి

పెరంబూరు,
గురువారం రాత్రి

చిరంజీవి నానికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలు ఎప్పటిలాగే ఉంది. సుబ్బమ్మత్త వాళ్ళు కొబ్బరిచెట్టు కొట్టించేశారు. దాంతో మధ్యాహ్నం ఎండ తిన్నగా మన నట్టింట్లోకే వస్తోంది.

ఈ కాలంలో ఉత్తరమేంటి అని నవ్వుకుంటావేమో. ఫోన్ చేస్తే కోడలు తీసి "స్నానంలో ఉన్నారు మామయ్యా" అంటోంది. మూడు వారాల్లో నాలుగుసార్లు అదే మాట. ఆ మధ్య బెంగళూరులో నీళ్ళకి కటకటలాడారని పేపర్లో చదివాను. నీ ఒక్కడికే ఇన్ని నీళ్ళు ఎక్కడ దొరుకుతున్నాయో!

బుజ్జిగాడు నిన్న వచ్చాడు. ఆవకాయ సీసా మీ ఇంట్లో ఇచ్చానన్నాడు. నువ్వు కింద సెల్లార్లో పేపర్లు పరుచుకుని, కారు ముందర షో గ్రిల్లు ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని రుద్దుతున్నావట. "బావకి మోచేతుల దాకా పుట్టీయే మామయ్యా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. రంగు పనివాడి కొడుకువి, చేతికి ఆ మాత్రం దురద ఉంటుంది. ఎప్పుడు చూశావురా అంటే మంగళవారం పగలు పదకొండు గంటలకి అన్నాడు. సెలవు పెట్టుంటావులే. క్యాలెండర్ చూశాను, ఆ రోజు పండగేం లేదు.

సరే, పని సంగతికొస్తాను. గ్రిల్లు వెనక తిప్పి చూడు, అది ఏ రకం ప్లాస్టికో అచ్చులోనే చిన్నక్షరాల్లో ఉంటుంది. ఏబీఎస్ అని ఉంటే రంగు బాగానే పట్టుకుంటుంది, కాకపోతే గాఢమైన థిన్నర్ తగిలితే మెత్తబడిపోతుంది. పీపీ అని ఉంటే మాత్రం జాగ్రత్త, దాని మీద ఏదీ నిలవదు. ముందు దానికని అమ్మే అడ్హీషన్ ప్రమోటర్, అంటే రంగు పట్టుకునేలా చేసే పూత, కొట్టాలి. జేసీ రోడ్డులో కారు సామాన్ల కొట్లలో అడుగు, మరతహళ్ళిలో వెతుక్కుంటూ తిరగొద్దు. ఇనుప రేకు మీద వాడే పుట్టీ ప్లాస్టిక్‌కి పనికిరాదు. గ్రిల్లు వంగుతుంది, పుట్టీ వంగదు, చీలుతుంది. బంపర్లకని వేరే పుట్టీ ఉంటుంది, అదే తీసుకో.

పుట్టీ వంద గ్రాములైతే హార్డెనర్ రెండు గ్రాములు, అంతే. త్వరగా గట్టిపడుతుంది కదా అని ఎక్కువ పిండితే పైన రంగు వేశాక మచ్చలు తేలతాయి. ఒకేసారి మందంగా మెత్తకుండా పలచగా రెండు మూడు పూతలు వెయ్యి. పుట్టీ నీళ్ళు పీలుస్తుంది, అందుకని దాన్ని పొడిగానే రుద్దాలి. ఎనభై నంబరు గరుకు పేపర్, తర్వాత నూట ఎనభై, తర్వాత మూడొందల ఇరవై. ప్రైమర్ వేసి బాగా ఆరాక, నీళ్ళతో రుద్దే వాటర్ పేపర్. మాస్క్ పెట్టుకో. గుడ్డ కట్టుకుంటే మాస్క్ అయిపోదు. రంగు మీద మెరుపుకి వేసే క్లియర్‌ని, హార్డెనర్ కలిపేదాన్ని, స్ప్రే చేసేటప్పుడు మామూలు మాస్క్ కూడా చాలదు, అసలు సెల్లార్లో కొట్టే పనే కాదది. చిన్నప్పుడు నీకు పిల్లికూతలు వచ్చేవి. మరిచిపోయుంటావు, ఆ రాత్రుళ్ళు మాకు గుర్తే.

ఇంకోటి. అందం కోసం గ్రిల్లు సందులు పుట్టీతో పూడ్చేస్తున్నావని బుజ్జిగాడి మాటల్ని బట్టి అర్థమైంది. అవి అలంకారానికి పెట్టినవి కావు. లోపల ఏసీ కండెన్సరు, దాని వెనక రేడియేటరు ఆ గాలి మీదే బతుకుతాయి. సిల్క్‌బోర్డు దగ్గర గంటసేపు ఇరుక్కుంటే తెలుస్తుంది. అయినా ఆ దారి నువ్వు ఆఫీసుకి వెళ్ళే దారేగా, నాకంటే నీకే బాగా తెలుసు. ఇప్పటికీ అటే కదా వెళ్తున్నావు?

కారు రంగు మారిస్తే ఆర్సీలో రాయించాలి. గ్రిల్లు ఒక్కదానికి ఎవరూ అడగరులే. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అని ఒకటుంది, కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని. పైగా లోను తీరని బండి. లోను తీరని బండిని కోసుకోవడం, తాకట్టులో ఉన్న గాజులు కరిగించడం రెండూ ఒకటే అంటుంది మీ అమ్మ. నెలనెలా సరిగ్గా కడుతున్నావు కదా, ఊరికే అడుగుతున్నా. చిట్టీ డబ్బు వచ్చే నెల చేతికొస్తుంది. ఇక్కడ దాంతో పనేం లేదు.

గ్రిల్లు అంటే గుర్తొచ్చింది. 1988, నవంబరు. మీ అమ్మ కాపురానికొచ్చి మూడు నెలలు. నేనప్పుడు పుదుపేటలో ఒక షెడ్డులో పెయింటర్ని. ఒక డాక్టరుగారి ఫియట్ వచ్చింది. ముందర క్రోమ్ గ్రిల్లు అద్దంలా మెరుస్తోంది. ఆయనకి ఆ మెరుపు వద్దట, బండి రంగులోనే కావాలట. కూతురి పెళ్ళికి తిరుపతి వెళ్ళాలి, రెండు రోజుల్లో ఇవ్వమన్నాడు. మేస్త్రి ఊళ్ళో లేడు. వానాకాలం, రంగు ఆరదు. క్రోమ్ మీద గరుకు పెట్టాలంటే ఒక పూటంతా రుద్దాలి. ఎవరు చూడొచ్చార్లే అని పైపైన తుడిచి, సొట్టల్లో పుట్టీ నింపి, ప్రైమరు, రంగు దబదబా కొట్టేశాను. కొత్త పెళ్ళికూతురిలా ఉంది. డాక్టరుగారు పది రూపాయలు బక్షీస్ కూడా ఇచ్చారు. ఆ డబ్బుతో మీ అమ్మకి మల్లెపూలు, నాకు మసాలా దోసె.

బండి పుత్తూరు దాటిందో లేదో, లారీ చక్రం కింద నుంచి ఒక్క రాయి ఎగిరొచ్చి తగిలిందట. అప్పడం పెచ్చులూడినట్టు రంగంతా ఊడి, ముందర్నుంచి చూస్తే బొల్లి వచ్చిన మొహంలా తయారైంది. పెళ్ళివారందరి ముందూ ఆ బండే. తిరిగొచ్చాక డాక్టరుగారు ఏమీ అనలేదు, బండి తెచ్చి షెడ్డు ముందు పెట్టి వెళ్ళిపోయారు. మేస్త్రీ తిట్టలేదు. "రేపట్నించి రావద్దులే" అన్నాడు.

ఇంట్లో చెప్పలేదు. ఎలా చెప్తాను, మామగారు అప్పటికింకా "అల్లుడికి మద్రాసులో మంచి పని" అని ఊరంతా చెప్పుకుంటున్నారు. రోజూ పొద్దున్నే క్యారియర్ పట్టుకుని బయల్దేరి, ఎగ్మూరులో కన్నెమెరా లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. 1896 నాటి కట్టడం, చల్లగా ఉంటుంది, ఎవరూ ఏమీ అడగరు. తెలుగు పుస్తకాలు కూడా ఉన్నాయి. నా జన్మలో అన్ని పుస్తకాలు మళ్ళీ చదవలేదు. మధ్యాహ్నం మ్యూజియం చెట్ల కింద అన్నం తిని, సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరేవాణ్ణి, ఒళ్ళు నొప్పులని కూడా అనేవాణ్ణి.

పన్నెండో రోజు మీ అమ్మ ఉతకడానికి చొక్కా తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని "థిన్నర్ వాసన రావట్లేదేంటి?" అంది. కొత్తరకం థిన్నర్ వచ్చిందని చెప్పాను. ఊఁ అని ఊరుకుంది. మర్నాడు క్యారియర్లో ఒక గిన్నె ఎక్కువ పెట్టింది. "లైబ్రరీలో ఆకలెక్కువ వేస్తుందంట" అంది. ఎలా తెలిసిందో ఇవాళ్టికీ చెప్పదు. ఆ రోజే వెళ్ళి మేస్త్రి కాళ్ళ మీద పడ్డాను. ఆయన ఆ గ్రిల్లే నా చేతిలో పెట్టాడు. నాలుగు రోజులు రుద్దాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, క్రోమ్ పట్టీ ఏదన్నా ఉంటే గరుకు పెట్టకుండా ప్రైమర్ వెయ్యకు. నిన్న రాత్రి మీ అమ్మ, "మొన్న వాడు ఫోన్లో మాట్లాడినప్పుడు వెనకాల ఆఫీసు చప్పుడే లేదు" అంది. ఏసీ గదుల్లో చప్పుడుండదే అన్నాను.

రంగు మాత్రం నేను వచ్చేదాకా వెయ్యొద్దు. ఆదివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీశాను. స్టేషనుకి రానక్కర్లేదు, పని చెడగొట్టుకోకు, ఆటోలో వస్తాను. తిరుగు టికెట్ గురువారానికి, కాబట్టి మంగళవారం అక్కడే ఉంటాను. కందిపొడి, నువ్వులుండలు, నాలుగొందల నంబరు వాటర్ పేపర్ ఒక డజను తెస్తున్నాను. కోడలికి చెప్పు, నాకోసమని ప్రత్యేకం ఏమీ చెయ్యొద్దని. ఈలోగా గ్రిల్లు దుమ్ములో పడెయ్యకుండా గుడ్డ చుట్టి ఇంట్లో పెట్టు. చేతికి నూనె ఉంటే దాన్ని ముట్టుకోకు. తల తుడుచుకున్నాకే బయటికి రా, ఇన్నిసార్లు స్నానం చేస్తున్నావు గనక.

మీ అమ్మ ఇవాళ అంగడికి వెళ్ళి కొత్త క్యారియర్ కొనుక్కొచ్చింది. నాలుగు గిన్నెలది. నా సంచీలో పెట్టింది, ఎవరికని అడిగితే చెప్పలేదు.

ఇట్లు,
నాన్న