రాక్ స్లైడర్లు బుక్ చేసుకున్నవాళ్లకి: కాళ్లు మారాయి, రంగు మారింది, ధర కూడా మారుతోంది

థార్, థార్ రాక్స్, జిమ్నీ, గూర్ఖా బండ్లకి మేం చేసే రాక్ స్లైడర్లలో (రాయి తగిలినా బండి పక్క భాగం దెబ్బతినకుండా డోర్ల కింద ఛాసిస్‌కి బిగించే ఇనుప గొట్టాలు) మూడు మార్పులు వస్తున్నాయి. ఛాసిస్‌కీ బయటి గొట్టానికీ మధ్య ఉండే కాళ్లు ఇకమీదట గుండ్రటి పైపుతో కాకుండా చదరపు బాక్స్ సెక్షన్‌తో చేస్తాం. పౌడర్ కోటింగ్ మానేస్తున్నాం. ఇనుమూ పనీ రెండూ పెరిగాయి కాబట్టి కొత్త బుకింగులకి ధర పెరుగుతుంది. ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లకి పాత ధరకే కొత్త రకం ఇస్తాం.

ముందు కాళ్ల సంగతి. అందరూ అడిగేది బయటి గొట్టం ఎంత లావు అనే. మా అనుభవంలో గొట్టం వంగడం అరుదు, వంగేది కాలే. బండి ఒక పక్క బరువంతా రాయి మీద ఆనిందనుకోండి. మనుషులు, సామాను కలుపుకుని లెక్క కోసం ఆ పక్కకి 900 కిలోలు వస్తాయనుకుందాం. రాయి తగిలిన చోటికి దగ్గరున్న రెండు కాళ్లే ఆ బరువు మోస్తాయి, అంటే కాలుకి 450 కిలోలు. కాలు ఛాసిస్ నుంచి 20 సెంటీమీటర్లు బయటికి ఉంటే, 48.3 మిల్లీమీటర్ల వ్యాసం, 3.68 మందం ఉన్న షెడ్యూల్ 40 పైపు మీద సుమారు 165 మెగాపాస్కల్ ఒత్తిడి పడుతుంది. మామూలు మైల్డ్ స్టీల్ 250 దగ్గర వంగడం మొదలవుతుంది. కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు. ఇప్పటిదాకా మా దగ్గర 20 సెంటీమీటర్ల కాళ్లతో బిగించుకున్నవాళ్లు ఏమీ మార్చుకోనక్కర్లేదు.

ఈమధ్య చాలామంది ఇంట్లో పెద్దవాళ్లు కాలు పెట్టి ఎక్కడానికి వీలుగా ఉండాలని స్లైడర్ వెడల్పుగా అడుగుతున్నారు. న్యాయమైన కోరికే. కానీ పొడుగు పానాతో బోల్టు సులువుగా తిరిగినట్టే, కాలు పొడుగయ్యేకొద్దీ అది ఛాసిస్‌ని పట్టుకునే చోట వంచే బలం పెరుగుతుంది. అదే పైపు 25 సెంటీమీటర్లయితే 206, 30 అయితే 247. అది కూడా బండి కదలకుండా ఆనినప్పటి లెక్క. పైనుంచి ధబీమని దిగితే ఎన్నో రెట్లు పడుతుంది. మార్కెట్లో దొరికే రెండున్నర మిల్లీమీటర్ల మందం పైపుతో చేసినవి 25 సెంటీమీటర్లకే 280 దాటేస్తాయి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, నల్ల రంగు వేశాక అసలు తెలియదు. ఎక్కడ కొన్నా సరే, మూత వెల్డ్ చేయకముందు గొట్టం అంచు మందం వెర్నియర్‌తో కొలిచి చూపించమనండి.

అందుకే కాళ్లకి 50×50 బాక్స్, 4 మిల్లీమీటర్ల మందం వాడుతున్నాం. 30 సెంటీమీటర్ల పొడవులో కూడా ఒత్తిడి 140 దగ్గరే ఆగుతుంది. పక్కకి నాలుగేసి కాళ్లున్నా, జతకి పెరిగే బరువు నాలుగు కిలోల లోపే. మూడు డోర్ల థార్‌కి పక్కకి మూడు కాళ్లు, జిమ్నీకి, రాక్స్‌కి నాలుగు. జత మొత్తం బరువు బండిని బట్టి 40 నుంచి 50 కిలోల మధ్య ఉంటుంది. ఇది తక్కువేం కాదు. ఒక మనిషిని ఎప్పుడూ ఎక్కించుకుని తిరిగినట్టే, మైలేజ్‌లో, సస్పెన్షన్‌లో ఆ తేడా ఉంటుంది. తెలిసే తీసుకోండి.

కాలు గట్టిపడితే తర్వాత బలహీనమయ్యేది అది ఆనే చోటు. ఎం12 (12 మిల్లీమీటర్ల), 8.8 గ్రేడ్ బోల్టు ఈ బరువుకి తెగదు, దానికి చాలా శక్తి ఉంది. బోల్టు కింద ఉన్న ఛాసిస్ రేకే నొక్కుకుపోతుంది. అందుకని కాలుని ఛాసిస్‌కి పట్టించే మా పట్టీ 6 మిల్లీమీటర్ల మందంతో, ఛాసిస్ ఎత్తంతా కప్పేలా ఉంటుంది. బోల్టు ఛాసిస్‌లో ఈ పక్క నుంచి ఆ పక్కకి వెళ్లే చోట లోపల ఒక స్లీవ్ (బోల్టు చుట్టూ ఉండే గొట్టం ముక్క) పెడతాం. స్లీవ్ లేకుండా బిగిస్తే బాక్స్ ఛాసిస్ రెండు గోడలూ లోపలికి నొక్కుకుంటాయి. ఆ రోజు బోల్టు టైట్‌గానే ఉంటుంది, నాలుగు గుంతల రోడ్లు తిరిగేసరికి వదులవుతుంది. రివెట్ నట్టులు (రేకు రంధ్రంలో ఒక పక్క నుంచే నొక్కి బిగించే నట్టులు) స్లైడర్ బరువుకి పనికిరావు, మేం వాడం.

ఛాసిస్‌కి వెల్డ్ చేసి ఇవ్వమని అడిగేవాళ్లకి మా జవాబు ఒకటే, చేయం. వెల్డింగ్ వేడికి ఛాసిస్ లోపలి పూత కాలిపోతుంది. అక్కడికి బ్రష్షు వెళ్లదు, తుప్పు లోపలి నుంచి తింటూ వస్తుంది. కంపెనీ వారంటీ గొడవ సరేసరి.

మోనోకాక్ బండ్లకి కూడా చేయం. క్రెటా, గ్రాండ్ విటారా, డస్టర్ లాంటివాటికి విడిగా ఛాసిస్ ఉండదు, డోర్ కింద అతుకు రేకే దిక్కు. దానికి బిగించేది కాలు పెట్టుకునే సైడ్ స్టెప్ అవుతుంది తప్ప రాయి మీద బండిని మోయదు. రాయి తగిలితే ఆ స్టెప్పే డోర్ సిల్‌ని (డోర్ కింది గడప) పైకి తోసి పాడుచేస్తుంది. కంపెనీ యాక్సెసరీగా వచ్చే సైడ్ స్టెప్పులు ఛాసిస్ ఉన్న బండ్లలో కూడా చాలావరకు మనిషి బరువుకే చేసినవి, వాటి కింద జాకీ పెట్టొద్దు.

హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ గుండ్లలో తిరిగేవాళ్లకి స్లైడర్ ఎత్తు ముఖ్యం. ఇక్కడి రాళ్లు గుండ్రంగా, నున్నగా ఉంటాయి. ముందు టైర్లు దాటాక గుండు నడుము సరిగ్గా రెండు టైర్ల మధ్యకి వస్తుంది. బండి నడుము అడుగు తగలకుండా దాటగలిగే గుట్ట కోణాన్ని బ్రేకోవర్ యాంగిల్ అంటారు. విదేశాల్లో అమ్మే మూడు డోర్ల జిమ్నీకి అది 28 డిగ్రీలైతే, మన ఐదు డోర్ల జిమ్నీకి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2590 మిల్లీమీటర్లు కావడంతో 24కి తగ్గింది. స్లైడర్ నాలుగు సెంటీమీటర్లు కిందికి వేలాడితే ఇంకో మూడు డిగ్రీలు పోతాయి. అందుకే మావి ఛాసిస్ అడుగు అంచు కంటే కిందికి దిగవు, బయటికి పోయేకొద్దీ కొంచెం పైకి లేస్తాయి. దీనివల్ల స్టెప్‌గా వాడేటప్పుడు అడుగు కాస్త ఎత్తులో పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల కోసమే అయితే, రాళ్లలోకి పోని బండికి మంచి సైడ్ స్టెప్ చాలు. ఆ మాట షాపులో కూడా చెప్పి పంపుతాం.

డోర్ సిల్‌కీ స్లైడర్‌కీ మధ్య 15 నుంచి 20 మిల్లీమీటర్ల సందు వదులుతాం. కొందరికి ఆ సందు నచ్చదు, దగ్గరికి జరపమంటారు. బాడీ ఛాసిస్ మీద రబ్బరు మౌంట్లతో కూర్చుని ఉంటుంది, గుంతల్లో రెండూ వేర్వేరుగా ఊగుతాయి. సందు లేకపోతే కిర్రుకిర్రుమంటూ పెయింట్ గీసుకుంటుంది, పెద్ద దెబ్బకి సిల్ సొట్టపోతుంది.

ఇక రంగు. పౌడర్ కోటింగ్ షోరూమ్‌లో చాలా బాగుంటుంది. రాయికి గీసుకోవడమే స్లైడర్ పని కదా, గీత పడ్డ చోట నీరు పొర కిందికి దూరుతుంది. పైకి నున్నగానే కనిపిస్తుంది, గోటితో గీకితే అరచేతంత పొర రేకులా లేచి వస్తుంది, కింద అంతా ఎర్రటి తుప్పు. నల్లరేగడి బురద ఛాసిస్ మూలల్లో పట్టేసి రోజుల తరబడి తడిగా ఉండే చోట, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఇకనుంచి జింక్ ఎక్కువగా ఉన్న ఎపాక్సీ ప్రైమర్, దాని మీద రెండు పూతలు నల్ల పీయూ (పాలీయురేథేన్) పెయింట్. మెరుపు తగ్గుతుంది, కానీ గీత పడితే ఎమెరీ పేపర్‌తో రుద్ది ఇంట్లోనే టచప్ చేసుకోవచ్చు. గొట్టం అడుగున ఉన్న 8 మిల్లీమీటర్ల రంధ్రాలు నీరు కారిపోవడానికి పెట్టినవి. వాటిని ఎంసీల్‌తో మూయకండి, వానాకాలం అయ్యాక ఒక తీగతో పొడిచి చూడండి.

బిగించడానికి పొద్దున వస్తే సాయంత్రానికి బండి ఇస్తాం. వచ్చే ముందు కింద ప్రెషర్ వాష్ చేయించండి, బురద మీద పట్టీ కూర్చోదు. ముందుగా ఛాసిస్ వెంట పోయే బ్రేక్ పైపులు, ఫ్యూయల్ పైపులు, వైరింగ్ ఎక్కడున్నాయో చూసి గుర్తు పెడతాం. యూ బోల్టు (U ఆకారంలో ఉండే బోల్టు) వాటిని నొక్కే చోట ఉంటే కాలు జరుపుతాం తప్ప పైపుని జరపం. అన్ని కాళ్లూ చేత్తో తిప్పి వదులుగా పట్టించి, సిల్ కింద చెక్కముక్కలు పెట్టి సందు సరిచూసి, మధ్య కాలు నుంచి రెండు చివరలకీ బిగిస్తాం. 8.8 గ్రేడ్ ఎం10కి 45 నుంచి 50, ఎం12కి 80 నుంచి 85 న్యూటన్ మీటర్లు, టార్క్ పానాతోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా). తర్వాత మీ ముందే స్లైడర్ మధ్యలో జాకీ పెట్టి ఆ పక్క టైర్లు లేపుతాం. స్లైడర్‌కీ ఛాసిస్‌కీ మధ్య కొలత 5 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ మారితే పట్టీ సరిగా కూర్చోలేదని లెక్క, విప్పి మళ్లీ బిగిస్తాం.

పెద్ద టైర్లు వేసుకునే ఆలోచన ఉంటే ముందే చెప్పండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు టైరుకీ స్లైడర్ ముందు చివరకీ మధ్య కనీసం 40 మిల్లీమీటర్లు ఉండాలి. తర్వాత చెబితే స్లైడర్ కోయాల్సి వస్తుంది.

కాగితాల విషయం. ముందు బుల్‌బార్ (క్రాష్ గార్డు) కూడా కలిపి చేయమని అడుగుతున్నారు. క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది, అవి మేం చేయం. స్లైడర్లు బిగించాక బిల్లు కాపీతో ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. క్లెయిమ్ రోజున చెబితే వాళ్లు వినరు.

బిగించాక 500 కిలోమీటర్లకి బండి తీసుకురండి, బోల్టులన్నీ ఉచితంగా మళ్లీ టార్క్ చూస్తాం. దూరపు ఊళ్లవాళ్లు దగ్గర్లోని ఏ మెకానిక్‌తోనైనా పై అంకెలు చూపించి చేయించుకోవచ్చు. ప్రతి నట్టు మీదా తెల్ల పెయింట్ గీత ఉంటుంది, అది నట్టు మీదా పట్టీ మీదా ఒకే వరుసలో ఉందా లేదా చూస్తే చాలు. సర్వీస్ సెంటర్‌లో రెండు స్తంభాల లిఫ్ట్ మీద ఎక్కించేటప్పుడు చేతులు స్లైడర్ కింద కాకుండా ఛాసిస్ కిందే పెట్టమని చెప్పండి. అక్కడి కుర్రాళ్లకి కొత్తగా ఉంటుంది, బండి ఇచ్చేటప్పుడే జాబ్ కార్డు మీద రాయించండి.