క్లినికల్ సైకాలజీ సీటు కోసం రాంచీ, తేజ్‌పూర్ దాకా వెళ్లాల్సిందేనా?

సంపాదకుడి గారికి,

నమస్కారం. విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పు మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటూ నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణానికి సంబంధించిన కేసు అది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరైనా ఉండాలని కోర్టు ఆదేశించింది. ఎప్పుడో రావాల్సిన ఆదేశం. అయితే ఆ అర్హత ఉన్నవాళ్లు ఎక్కడి నుంచి వస్తారన్నది ఎవరూ అడగడం లేదు. కాలేజీ కౌన్సెలర్ ఒక పిల్లవాడిలో ప్రమాదాన్ని గుర్తించారే అనుకుందాం. ఆ తర్వాత ఎవరి దగ్గరికి పంపాలి? చాలా జిల్లాల్లో దీనికి సరైన జవాబు లేదు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో సైకాలజీ పాఠం చెప్పే నాకు, ఆ జవాబుగా మారాలనుకునే, అంటే క్లినికల్ సైకాలజిస్టులు (మానసిక సమస్యలను పరీక్షలతో అంచనా వేసి, థెరపీతో చికిత్స చేసే నిపుణులు) అవ్వాలనుకునే పిల్లలే ఎంత నలిగిపోతున్నారో రోజూ కనిపిస్తోంది. అందుకే ఈ ఉత్తరం.

సైకాలజీలో ఎంఏ చేస్తే చాలు, బోర్డు పెట్టుకోవచ్చని చాలామంది తల్లిదండ్రుల నమ్మకం. చట్టం అలా చెప్పడం లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) ఆమోదించిన సంస్థలో క్లినికల్ సైకాలజీ చదివి ఉండాలి. లేదా పీజీ తర్వాత రెండేళ్లు పూర్తికాలం, పర్యవేక్షణలో రోగులతో పనిచేస్తూ ఎంఫిల్ పూర్తి చేసి ఉండాలి. ఆ రెండేళ్లూ ఓపీలో కూర్చుని రోగి చెప్పేది ఓపిగ్గా వినాలి. ఇంట్లోవాళ్లతో మాట్లాడాలి. పరీక్షలు పెట్టి రిపోర్టు రాయాలి. థెరపీ ఇవ్వాలి. ప్రతి కేసునూ సూపర్‌వైజర్ ముందు పెట్టి దిద్దించుకోవాలి. ఒక సూపర్‌వైజర్ కింద ఇంతమందికి మించి తీసుకోకూడదనే నిబంధన ఉంది కాబట్టి సీట్లు కొద్దిగానే ఉంటాయి. ఆ నిబంధనను సడలించమని నేను అడగను. అరకొర శిక్షణతో మనుషుల మనసుల మీద పనిచేయడం చాలా ప్రమాదం.

నా బాధ ఆ సీటు దాకా వెళ్లే దారి గురించి. ఎంబీబీఎస్ చదివిన విద్యార్థి సైకియాట్రీలో ఎండీ చేయాలంటే నీట్ పీజీ, ఐఎన్ఐ సెట్ రాస్తే సరిపోతుంది. క్లినికల్ సైకాలజీకి అలాంటి ఉమ్మడి పరీక్ష లేదు. ఈ సీట్లున్న మానసిక వైద్య సంస్థలు చూడండి: బెంగళూరు నిమ్‌హాన్స్, రాంచీలో సీఐపీ, రిన్‌పాస్, ఢిల్లీలో ఇహ్‌బాస్, అస్సాంలోని తేజ్‌పూర్ సంస్థ, వీటితో పాటు ప్రైవేటు యూనివర్సిటీలు. ఎవరి నోటిఫికేషన్ వాళ్లది, ఎవరి ఫీజు వాళ్లది, ఎవరి రాతపరీక్ష, ఇంటర్వ్యూ వాళ్లవి. కౌలు రైతు కూతురు ఒకమ్మాయి నా దగ్గర చదివింది. ఎంఏలో మంచి మార్కులు వచ్చాయి. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడకుండా వినే గుణం ఆ అమ్మాయికి ఉంది, ఈ వృత్తికి ముందుగా కావాల్సింది అదే. దరఖాస్తు ఫీజులకే ఇంట్లో అప్పు చేశారు. రెండు పరీక్షల తేదీలు దగ్గరదగ్గరగా పడి, రైలు దొరక్క ఒకటి వదులుకుంది. చివరికి ఒక ప్రైవేటు సంస్థలో సీటు వచ్చింది. మొదటి ఏడాది ఫీజు లక్షల్లో, అదీ వారంలోపు కట్టాలన్నారు. కట్టలేకపోయారు. ఇప్పుడు ఆమె ఒక పిల్లల థెరపీ సెంటర్లో చిన్న జీతానికి అసిస్టెంటుగా పనిచేస్తోంది. ఆ అమ్మాయిలో లోపమేమీ లేదు, మన ఏర్పాట్లలోనే ఉంది.

దీనికి తోడు నాలుగేళ్లుగా నిబంధనలు మారుతూనే ఉన్నాయి. జాతీయ విద్యా విధానం 2020 ఎంఫిల్‌ను తీసేయమంది. యూజీసీ 2022లో తీసేసింది. ఎంఫిల్ చెల్లదని 2023 డిసెంబరులో మళ్లీ హెచ్చరించింది. కొన్ని వారాలకే, 2024 జనవరిలో, క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్‌లకు మాత్రం 2025-26 విద్యా సంవత్సరం వరకు మినహాయింపు ఇచ్చింది. ఈలోగా ఆర్‌సీఐ బీఎస్సీ ఆనర్స్, ఎంఏ క్లినికల్ సైకాలజీ, సైడీ (క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్) అంటూ కొత్త కోర్సులు తెచ్చింది. మార్పు అవసరమే కావచ్చు. కానీ పాత పద్ధతిలో మామూలు సైకాలజీ ఎంఏ చేసిన పిల్లలు, "మేడమ్, ఇప్పుడు మేం ఏ కోర్సులో చేరితే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ వస్తుంది?" అని అడిగితే, ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న నేను కూడా ఒక్కో సంస్థ ప్రాస్పెక్టస్ తిరగేసి చూడాల్సి వస్తోంది. ఊళ్లో ఉండి ఫోన్లో వెతుక్కునే పిల్లల టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ అయోమయంలోనే మూడు నెలల సర్టిఫికెట్ కోర్సుల ప్రకటనలకు పడిపోయి డబ్బు పోగొట్టుకుంటున్నారు.

సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని 2025లో యూజీసీ తీసుకున్న నిర్ణయాన్ని నేను సమర్థిస్తాను. కానీ పెళ్లయ్యాక, ఉద్యోగం చేస్తూ, దూరవిద్యలోనే ఈ సబ్జెక్టు దగ్గరికి వచ్చిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ తలుపు మూశాక, రెగ్యులర్ ఎంఏ సీట్లు ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర వంటి విశ్వవిద్యాలయాల్లో పెరగాలి కదా.

మన దగ్గర వసతులు లేవని ఎవరైనా అంటే ఒప్పుకోను. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో పెద్ద ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలున్నాయి. రెండు చోట్లా సైకియాట్రీ పీజీలు శిక్షణ పొందుతున్నారు. చినవాల్తేరు ఆస్పత్రికి ఆంధ్ర విశ్వవిద్యాలయం కూతవేటు దూరం. ఎర్రగడ్డ, ఉస్మానియా ఒకే నగరంలో ఉన్నాయి. రోగులున్నారు, డాక్టర్లున్నారు, సైకాలజీ విభాగాలున్నాయి. ఆర్‌సీఐ ప్రమాణాలకు తగ్గట్టు క్లినికల్ సైకాలజీ అధ్యాపకుల పోస్టులు మంజూరు చేసి భర్తీ చేస్తే, ఈ రెండింటినీ రెండు రాష్ట్రాలకు ప్రధాన శిక్షణ కేంద్రాలుగా పెంచవచ్చు. ఇక్కడే నేర్చుకోవడంలో ఇంకో మేలు ఉంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన తల్లి, పాలమూరు నుంచి వచ్చిన కూలీ తమ దిగులును తలనొప్పి అని, గుండెదడ అని, నిద్ర పట్టడం లేదని చెప్పుకుంటారు. వాళ్ల మాటల్లోంచి అసలు బాధను పట్టుకోవడం వాళ్ల మధ్య కూర్చుంటేనే వస్తుంది.

నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా అదే సర్వే చెప్పింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందంలో క్లినికల్ సైకాలజిస్ట్ పోస్టు ఉంది, దానికి శిక్షణ పొందినవాళ్లు కావాలి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ పలుకుతుంది, మంచిదే. కానీ ఫోన్లో ధైర్యం చెప్పాక ఎదురుగా కూర్చోబెట్టుకుని నెలల తరబడి చికిత్స చేసే మనిషి కూడా కావాలి.

రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలనూ, ఉన్నత విద్యా మండళ్లనూ నేను కోరేది ఇది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఆర్‌సీఐ గుర్తింపుతో క్లినికల్ సైకాలజీ సీట్లు పెంచండి, మెడికల్ పీజీలకు ఇచ్చినట్టే వీళ్లకూ స్టైపెండ్ ఇవ్వండి. బదులుగా రెండేళ్లు జిల్లా ఆస్పత్రిలో పనిచేయాలని షరతు పెట్టినా నా విద్యార్థులు సంతోషంగా ఒప్పుకుంటారు. రాష్ట్రంలోని సీట్లన్నిటికీ ఒకే ప్రవేశ పరీక్ష పెట్టండి. వచ్చే అడ్మిషన్లకు ముందే, ఏ చదువు చదివినవాళ్లు ఏ కోర్సుకు అర్హులో, ఏ సంస్థకు గుర్తింపు ఉందో, ఫీజు ఎంతో తెలుగులో ఒక్క పేజీలో ప్రకటించండి. ఈ చివరి పనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు, ఈ నెలలోనే చేయవచ్చు.

ఇట్లు,
ఒక సైకాలజీ అధ్యాపకురాలు,
పల్నాడు జిల్లా