గంట మోగితే బెంచీ కిందికి దూరే మా వాడి గురించి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది విశాఖపట్నం, ఆరిలోవ. మా వాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతి చదువుతున్నాడు. వాడికి ఆటిజం. మాటలు తక్కువ, లెక్కలు బాగా వచ్చు, చప్పుడంటే మాత్రం హడలు. వాళ్ల బళ్లో గంటంటే వేలాడదీసిన రైలుపట్టా ముక్క. అది మోగిందంటే చెవులు మూసుకుని బెంచీ కిందికి దూరిపోతాడు.

ఒకటో తరగతిలో వాడికొక టీచరమ్మ దొరికారు. ఆవిడకి స్పెషల్ ట్రైనింగేమీ లేదు. ఇంట్లో ఉన్న పాత పెళ్లి శుభలేఖలు తెచ్చి, వెనక తెల్లగా ఉన్నచోట బొమ్మలు వేశారు: పలక, కుళాయి, భోజనం పళ్లెం, చివర్లో ఇంటి తలుపు. వాడు కూర్చునే చోట గోడకి దారం కట్టి, బట్టల క్లిప్పులతో వరసగా తగిలించారు. ఒక్కో పని అవగానే వాడే ఒక కార్డు తీసి డబ్బాలో వేసేవాడు. తలుపు బొమ్మకి ఇంకా ఎన్నున్నాయో లెక్కపెట్టుకుని కుదురుగా ఉండేవాడు. గంట సంగతి ఇంకా బాగుంటుంది. కొట్టే వేళకి వాడిని పిలిచి, ఇనుప కడ్డీ వాడి చేతికే ఇచ్చేవారు. తను కొట్టే గంటకి వాడు భయపడలేదండీ.

వేసవి సెలవుల్లో ఆవిడకి బదిలీ అయింది. గోడలకి సున్నం వేసినప్పుడు దారం, కార్డులు కూడా పోయాయి. జూన్‌లో మళ్లీ బెంచీ కిందే.

"భవిత కేంద్రానికి తీసుకెళ్లండమ్మా, అక్కడ వాళ్లకి తెలుస్తుంది" అన్నారు కొత్త టీచరు. ఆవిడని తప్పుపట్టను, రెండు తరగతులు ఒక్కరే చూస్తున్నారు. ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం మండలాల్లో నడిపే ఆ భవిత కేంద్రానికీ వెళ్లాం. అక్కడి టీచర్లు ఓపికగా చెబుతారు. కానీ అక్కడ రైలుపట్టా లేదు, ముప్పై మంది పిల్లల గోల లేదు. మా వాడికి సాయం కావాల్సింది అవి ఉన్నచోట.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో ఆటిజం ఉంది, చదవడం రాయడంలో వచ్చే ఇబ్బందులూ ఉన్నాయి. అందరితో కలిపి చదివించాలని, కావలసిన సదుపాయాలు ఇవ్వాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పది మందికి ఒక స్పెషల్ టీచరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో మీ ప్రభుత్వమే 2,260 స్పెషల్ టీచరు పోస్టులు మంజూరు చేసింది. సంతోషం. ఆ టీచర్లని మండలానికొక గదిలో కూర్చోబెట్టకండి. నాలుగైదు బళ్లకి ఒకరిని ఇచ్చి, వారంలో ఫలానా రోజు ఫలానా బడి అని ఖాయం చేయండి. వచ్చి మా పిల్లల్ని పక్కకి తీసుకుపోవడం కాదు, అదే తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని టీచరుకి చేయి సాయం చేయాలి.

ఇంకొకటి, దీనికి పైసా ఖర్చు లేదు. బదిలీ అయ్యే టీచరు ఇలాంటి పిల్లాడి గురించి ఒక్క పేజీ రాసిపెట్టి వెళ్లాలని ఉత్తర్వు ఇవ్వండి. వాడికి ఏం పనిచేసింది, దేనికి బెదిరాడు, అంతే. మార్కుల రిజిస్టరు అప్పగించినట్టే అదీ అప్పగించాలి.

మా వాడి పేజీ నేనే రాసి కొత్త టీచరుకి ఇచ్చాను. మొన్న ఆవిడ, మీ ఇంట్లో పాత శుభలేఖలు ఉన్నాయా అని అడిగారు.

ఇట్లు,
రెండో తరగతి పిల్లాడి అమ్మ,
ఆరిలోవ, విశాఖపట్నం