తుపాకీ నంబరు చూస్తారు, తూటా ఎవరు చూస్తారు?

సంపాదకుల వారికి,

ఎన్నికలొస్తే చాలు, కడప జిల్లాలో లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్లకు చేరతాయి. కోడ్ ముగిశాక రసీదు చూపించి తెచ్చుకుంటాం. ఇచ్చేటప్పుడూ తెచ్చుకునేటప్పుడూ చూసేది తుపాకీ నంబరు, తూటాల లెక్క. ఆ తూటాలు ఏనాటివో, ఏ స్థితిలో ఉన్నాయో అడిగే నాథుడు లేడు.

సైన్యం నుంచి వచ్చాక బ్యాంకు గార్డుగా చేసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. గార్డు తోలు బెల్టులో దోపిన పన్నెండు బోరు (షాట్‌గన్) తూటాలు ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. తోలుకు పట్టించిన రసాయనాలకు ఇత్తడి అడుగు పచ్చగా చిలుమెక్కుతుంది. అట్ట తూటాలైతే చెమ్మకు ఉబ్బి గొట్టంలో సగం దూరి ఆగిపోతాయి. పల్లెల్లో పంట కాపలాకు లైసెన్సున్న రైతులు తూటాల పెట్టెను రేకుల కొట్టంలో పెడతారు. 40 డిగ్రీలు దాటే మా ఎండలకు లోపలి మందు చెడకుండా ఎన్నాళ్లుంటుంది? అడుగునుండి, దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే క్యాప్‌కు చెమ్మో, తుపాకీకి పూసిన నూనో తగిలిందంటే ఇక దాన్ని నమ్మలేం.

ట్రిగ్గర్ నొక్కితే టిక్‌మంటుంది, అంతే. తుస్సుమందనుకుని వెంటనే తుపాకీ తెరిచి తూటా లాగుతారు. ప్రమాదమంతా అక్కడే. క్యాప్ నిప్పు మందుకు అందడం ఆలస్యమైతే కాసేపాగి పేలొచ్చు. తుపాకీ మూసి ఉంటే తూటాలోని గుళ్లు ముందుకు పోతాయి. తెరిచాక పేలితే ఇత్తడి ముక్కలు చేతికీ కంటికీ తగులుతాయి. అందుకే గొట్టాన్ని మనుషుల్లేని మట్టిగట్టు వైపే ఉంచి కనీసం అర నిమిషం కదలకూడదు. నేనైతే నిమిషం ఆగుతాను.

పెద్ద శబ్దం రాకుండా టప్‌మని ఊరుకుంటే ఇంకా చెడ్డది. మందు సరిగా కాలక మందుకూ గుళ్లకూ మధ్యనుండే అట్టబిళ్ల గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. చూడకుండా రెండో తూటా పేలిస్తే గొట్టం చీలుతుంది. అడవిపంది ఎదురుగా ఉంటే తుపాకీ ఖాళీ చేసి గొట్టం చూసుకునే తీరికెక్కడిదంటారు. చేయి పోయాక కావలసినంత తీరిక.

2016 ఆయుధ నియమాల్లో భద్రతా శిక్షణ ఉంది. అంతకు చాలా ముందే లైసెన్సు తీసుకున్నవాళ్లకు ఇవి చెప్పిందెవరు? పైగా ఆయుధ చట్టానికి చేసిన 2019 సవరణతో లైసెన్సు గడువు 3 నుంచి 5 ఏళ్లకు పెరిగింది. రెన్యువల్ పేరుతోనైనా ఒకరి కంట పడే అవకాశం ఆ మేరకు తగ్గింది.

జిల్లా పోలీసు అధికారులు రెన్యువల్ నాడు, ఎన్నికలప్పుడు తుపాకులు అప్పగించే నాడు ఆర్మ్‌డ్ రిజర్వ్ ఆర్మరర్ (ఆయుధాలు పరీక్షించి బాగుచేసే పోలీసు) ఒకరిని కూర్చోబెట్టాలి. చిలుము పట్టినవి, ఉబ్బినవి తీసుకుని రసీదు ఇవ్వాలి. రసీదు ముఖ్యం. లెక్క తేలకపోతే కేసవుతుందనే భయంతోనే చాలామంది పాడైనవి దాచుకుంటున్నారు. కొందరు బావిలో పడేస్తున్నారు. బ్యాంకులు కూడా గార్డులకు కొత్త తూటాలు, తోలు బెల్టు బదులు గుడ్డ బెల్టు ఇప్పించాలి. అదేమంత ఖర్చు కాదు.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు,
ప్రొద్దుటూరు.