గాజుపోగుకు తెలిసే బరువు

సంపాదకులకు నమస్కారం.

పద్దెనిమిదేళ్లుగా హైదరాబాద్‌లో ఫైబర్ జాయింట్లు వేస్తున్నాను. మొన్న చిక్కడపల్లిలో ఒక లైన్ స్లో అయిందంటే ఓటీడీఆర్ (పోగులోకి కాంతి పంపి, అది ఎక్కడ తగ్గుతోందో గీతగా చూపే పరికరం) పెట్టాను. 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతితో గీత సాఫీగా ఉంది, 1550 కాంతితో మెట్టు దిగింది. అంటే తెగలేదు, ఎక్కడో వంగింది. వెళ్లి చూస్తే స్తంభం దగ్గర ఎవరో కేబుల్‌ను బైండింగ్ వైరుతో బిగించి కట్టేశారు. వైరు వదులు చేయగానే మెట్టు మాయం. నొక్కితే ఈ గాజుపోగు చెబుతుందని మా పనివాళ్లందరికీ తెలుసు. మేం దాన్ని లాస్ (కాంతి నష్టం) అని తిట్టుకుంటాం, అంతే.

మా అమ్మకు రెటీనా ఆపరేషన్ చేసిన డాక్టరుగారు, పొర తీసేటప్పుడు చేతికి దాదాపు ఏమీ తెలియదని, కంటితో చూసుకుంటూనే చేయాలని చెప్పారు. ఆ మాట నన్ను వదల్లేదు. దొరికింది దొరికినట్టు చదివాను. 1999లో అమెరికాలో కొలిస్తే, అలాంటి పనిలో పడే బలాల్లో నాలుగింట మూడొంతులు 7.5 మిల్లీన్యూటన్ల లోపేనట, ముప్పావు గ్రాము బరువంత. అందులో సర్జన్ చేతికి తెలిసినవి నూటికి 19. తర్వాత జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీవాళ్లు ఆపరేషన్ పనిముట్టు అర మిల్లీమీటరు కాడ చుట్టూ మూడు ఫైబర్లు అతికించి 0.25 మిల్లీన్యూటన్ల దాకా పసిగట్టారు. మన సన్నబియ్యం గింజలు రెండు పెట్టినంత!

అదెలాగంటే, పోగు నడిమి భాగమైన కోర్‌లో అతినీలలోహిత కాంతితో సన్నటి చారలు గీస్తారు. ఆ చారలు ఒక్క రంగును మాత్రమే వెనక్కి పంపుతాయి. పోగు సాగితే చారల ఎడం పెరిగి ఆ రంగు జరుగుతుంది. పది లక్షల్లో ఒక వంతు సాగితే 1550 దగ్గర సుమారు 1.2 పికోమీటర్లు (నానోమీటరులో వెయ్యో వంతు పికోమీటరు) జరుగుతుంది. కానీ ఒక్క డిగ్రీ వేడికే అది పది పికోమీటర్ల దాకా జరుగుతుంది! అందుకే మూడు పోగులు: వేడి మూడింటికీ సమానం, వంపు మాత్రం ఒక్కోదానికి ఒక్కోలా, కాబట్టి వాటి మధ్య తేడా చూస్తే వేడి పోయి వంపు మిగులుతుంది.

మా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చే ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలకు ఫైబర్ అంటే నెట్ వైరే. నగరంలోని కళాశాలలు ఒక్క ప్రాక్టికల్ పెట్టాలని నా వేడుకోలు. పళ్లున్న రెండు రేకుల మధ్య ఫైబర్ ఉంచి, పైన ఒక్కో తూకపురాయి పెడుతూ, కాంతి ఎంత వస్తోందో కొలిచే పవర్ మీటర్ చూడమనండి. లేజర్ సోర్సు, మీటరు చాలా చోట్ల ఉన్నవే. ముక్క ఫైబర్ నేనిస్తాను, సాయంత్రాలు వచ్చి జాయింట్ కూడా వేసి పెడతాను.

— ఒక ఫైబర్ టెక్నీషియన్, చిక్కడపల్లి, హైదరాబాద్