సినిమా డీవీడీలు హార్డ్ డిస్కులోకి: మన షాపులో ఇకపై ఏం చేస్తాం, ఏం చెయ్యం

అందరికీ నమస్తే. హైదరాబాద్ చిక్కడపల్లిలో మన షాపుకు పెళ్లి క్యాసెట్లు, పాత డిస్కులు తెచ్చేవాళ్లు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నది ఒకటే. "అన్నా, డబ్బులు పెట్టి కొన్న సినిమా డీవీడీలు అట్టపెట్టె నిండా ఉన్నాయి, ప్లేయర్ చెడిపోయింది, అన్నీ ఒక హార్డ్ డిస్కులో వేసిచ్చెయ్, టీవీకి పెట్టుకొని చూసుకుంటాం, డిస్కుకి ఎంత తీసుకుంటావ్?"

సూటిగా చెప్పేస్తాను. ఈ నెల నుంచి సినిమా డిస్కులు షాపులో తీసుకొని డబ్బులకు కాపీ చేసివ్వడం ఆపేశాను. పెళ్లిళ్లు, బారసాలలు, గృహప్రవేశాలు, పిల్లల స్కూల్ డే ప్రోగ్రాములు, మీరు మీ కెమెరాతో తీసుకున్నవి ఏవైనా సరే ఎప్పటిలాగే చేస్తాం, పాత రేట్లే. సినిమాలు మాత్రం మీ కంప్యూటర్ మీద మీరే ఎలా చేసుకోవాలో పక్కన కూర్చొని చూపిస్తాను. దానికి గంట లెక్కన ఛార్జి ఉంటుంది, డిస్కు లెక్కన ఉండదు. గిరాకీ పోతుందని నాకు తెలుసు, సంక్రాంతికీ దసరాకీ ఇళ్లు సర్దుకున్నప్పుడల్లా సంచులకొద్దీ డిస్కులు వచ్చేవి, అదంతా పోయినట్టే. అయినా ఆపుతున్నాను, ఎందుకో వినండి.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, 2012లో పెద్ద సవరణే జరిగింది. సొంతానికి, ప్రైవేటుగా, న్యాయమైన మేరకు వాడుకుంటే ఉల్లంఘన కాదని సెక్షన్ 52లో ఉంది. ఇంతకుముందు అది రచనలు, నాటకాలు, సంగీతం, బొమ్మల వరకే ఉండేది, 2012 తర్వాత కంప్యూటర్ ప్రోగ్రాములు తప్ప మిగతా అన్నిటికీ వర్తిస్తుంది, సినిమాలు కూడా అందులో పడతాయి. అదే సవరణలో 65ఏ అని ఇంకో సెక్షన్ వచ్చింది. హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో కాపీ రక్షణను, అంటే డిస్కుకు వేసిన తాళాన్ని, ఎవరైనా తప్పిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. చట్టం నిషేధించని పని కోసమైతే మినహాయింపు ఉంది, కాకపోతే ఆ పనిలో ఇంకొకరికి సాయపడేవాడు వాళ్ల పేరు, అడ్రసు, ఎందుకోసమన్నది పూర్తిగా రాసిపెట్టుకోవాలి.

ఇప్పుడు ఆలోచించండి. మీరు కొన్న డిస్కు, మీ ఇంట్లో, మీ కోసం కాపీ చేసుకుంటే అది సొంత వాడకం అని చెప్పుకోడానికి మీకు చోటుంది. అదే పని నేను బోర్డు పెట్టి, నాలుగు డ్రైవులు వరసగా తిప్పుతూ, బిల్లు కొట్టి చేస్తే అది ఎవరి సొంత వాడకం? మీ సొంత వాడకం నా గల్లాపెట్టె దాకా రాదు. షాపుకు వచ్చే ఒక వకీలు గారిని అడిగితే నవ్వి "వాదించొచ్చయ్యా" అన్నారు. వాదించొచ్చు అంటే ముందు కేసు అవ్వాలి, తర్వాత కోర్టు మెట్లెక్కాలి, ఆ తర్వాత కదా వాదన. అంత ఓపికా, అంత డబ్బూ నాకు లేవు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అడిగేవాళ్లందరూ కొన్న డిస్కులే తేవట్లేదు. కొందరు ఖాళీ హార్డ్ డిస్కు బల్ల మీద పెట్టి "నీ దగ్గర ఉన్నవన్నీ వేసెయ్ అన్నా" అంటారు. ఇంకొకాయన డీవీడీలు తెచ్చి, ఐదు హార్డ్ డిస్కుల్లో ఒకే సరుకు వెయ్యమన్నారు, అన్నదమ్ములకు తలా ఒకటట. ఇంట్లో చూసుకోవడానికి ఒక కాపీ వేరు, ఊరంతా పంచడం వేరు, ఆ తేడా నేను ఎంత చెప్పినా "నీకేంటి నష్టం" అనే అంటారు. పేరు పాడయ్యేది నాదే. మన షాపు సిస్టంలో ఏ సినిమా లేదు, ఇంతకుముందు చేసిన వాటి కాపీలు కూడా ఉంచుకోలేదు, కాబట్టి "నాది పోయింది, మళ్లీ ఇవ్వు" అని అడిగినా నా దగ్గర దొరకదు.

సరే, ఇక పనికొచ్చే విషయానికి వద్దాం, ఎందుకంటే ఆ డిస్కులు అటక మీద ఇంకా పాడవుతూనే ఉన్నాయి. మన ఇళ్లలో ఇన్ని డిస్కులు ఎందుకున్నాయంటే 2007 ప్రాంతంలో మోజర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకీ, డీవీడీ 34 రూపాయలకీ అమ్మారు. కూరగాయలతో పాటు సంచిలో వేసుకొచ్చిన రోజులు అవి.

వీసీడీలైతే ముందు వాటి సంగతే చూడండి. వాటికి తాళం లేదు, లోపల .DAT అనే వీడియో ఫైల్ ఉంటుంది, మామూలుగా కాపీ చేసుకోవచ్చు. కానీ వాటి ప్రాణం అంతా పైన, లేబుల్ వైపే ఉంటుంది. కింద మెరిసే వైపు గీతలు పడ్డాయని అందరూ బాధపడతారు, నేను మాత్రం డిస్కు తీసుకొని ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా పెట్టి చూస్తాను. లేబుల్ మీద సూది గుచ్చినట్టు చిన్న చిన్న వెలుగు చుక్కలు కనబడ్డాయంటే అక్కడ వెండిలా మెరిసే పూత ఊడిపోయింది, ఆ భాగం ఇక రాదు. మొన్న ఒక ఆంటీ తెచ్చిన మూడు డిస్కుల సెట్లో మొదటిదీ మూడోదీ బాగున్నాయి, రెండోది పెట్టి చూపిస్తే ఆకాశంలో చుక్కల్లా ఉంది. ఇంటర్వెల్ ముందు ఒక అరగంట పోయినట్టే. డీవీడీలో సమాచారం రెండు ప్లాస్టిక్ పొరల మధ్య ఉంటుంది కాబట్టి లేబుల్ గీకినా కొంత తట్టుకుంటుంది. తుడవాలంటే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడవండి, గుండ్రంగా తిప్పి రుద్దకండి. టూత్‌పేస్ట్ చిట్కాల జోలికి పోకండి ప్లీజ్.

డీవీడీని ఊరికే కాపీ పేస్ట్ చేసుకున్నవాళ్ల లొల్లి వేరు. డిస్కు తెరిస్తే వీడియో టీఎస్ అనే ఫోల్డర్, దాంట్లో వీఓబీ అనే వీడియో ఫైళ్లు కనిపిస్తాయి, ఒక్కొక్కటి 1 జీబీ దాటదు. తాళం లేని డిస్కు అయితే అవి కాపీ అవుతాయి, టీవీలో ఆడతాయి కూడా, కానీ సినిమా ముక్కలు ముక్కలుగా వస్తుంది. సరిగ్గా పాట మధ్యలో ఆగి, మళ్లీ లిస్టులోకి వెళ్లి తర్వాతి ఫైల్ నొక్కాలి. తాళం ఉన్న డిస్కు అయితే కాపీ అయినట్టే కనబడి, ఆడిస్తే రంగురంగుల గడులు వస్తాయి. "నా హార్డ్ డిస్కు పోయింది" అని పరిగెత్తుకొచ్చిన వాళ్లలో చాలామంది సమస్య ఇదే. మొత్తం సినిమాను నాణ్యత తగ్గకుండా ఒకే ఎంకేవీ ఫైలుగా, అంటే బొమ్మ, ఆడియో, సబ్‌టైటిల్స్ అన్నీ ఒకదాంట్లోనే ఉండే ఫైలుగా, చేసుకోవడం మంచి పద్ధతి, మేక్‌ఎంకేవీ లాంటి సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంది. సైజు తగ్గించాలంటే హ్యాండ్‌బ్రేక్ ఉంది, కానీ అది తనంతట తాను తాళం తియ్యదు. నన్నడిగితే కుదించే అవసరమే లేదు. సమాచారం రెండు పొరల్లో ఉన్న డీవీడీ నిండా ఉన్నా 8.5 జీబీ, ఒక పొరదైతే 4.7. 1 టీబీ హార్డ్ డిస్కులో నూటికి పైగా సినిమాలు ఉన్నవి ఉన్నట్టే పడతాయి, ఇంకా చోటు మిగులుతుంది.

సబ్‌టైటిల్స్ గురించి ముఖ్యంగా చెప్పాలి, ముఖ్యంగా పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లకు. మనవళ్లకు తెలుగు అర్థమవుతుంది కానీ కింద ఇంగ్లిష్ లేకపోతే పది నిమిషాల్లో లేచిపోతారు. డీవీడీలో సబ్‌టైటిల్స్ అక్షరాలుగా ఉండవు, బొమ్మలుగా ఉంటాయి, తొందరలో ఎంపీ4 చేసేస్తే అవి రాలిపోతాయి. చేసేటప్పుడే ఆ ట్రాక్‌కి టిక్కు పెట్టుకోవాలి, చేశాక మీ టీవీలో వస్తున్నాయో లేదో ఒక సినిమాతో చూసుకొని అప్పుడు మిగతావి మొదలుపెట్టండి. కొన్ని టీవీలు ఈ బొమ్మల సబ్‌టైటిల్స్ చూపించవు. ఆడియో కూడా అంతే, కొన్ని టీవీలు డీటీఎస్ అనే రకం ఆడియో ట్రాక్ ఆడించవు, డిస్కులో ఇంకో ట్రాక్ ఉంటే అది కూడా ఉంచుకోండి.

అమెరికా నుంచి తెచ్చిన హాలీవుడ్ డిస్కులుంటే రీజియన్ గొడవ ఉంటుంది, అంటే ఏ ప్రాంతం డిస్కు ఆ ప్రాంతం ప్లేయర్లలోనే ఆడేలా వేసిన నంబరు. మనది డీవీడీ రీజియన్ 5, అమెరికాది 1. కంప్యూటర్ డ్రైవులో రీజియన్ ఐదు సార్లు మాత్రమే మార్చనిస్తుంది, తర్వాత చివర పెట్టిన దాని మీదే బిగుసుకుపోతుంది. అడిగింది కదా అని ప్రతిసారీ ఓకే కొట్టకండి. బ్లూరేల గురించి ఎక్కువ చెప్పను, వాటికి డ్రైవ్ వేరే కావాలి, ఒక్కో డిస్కు 25 నుంచి 50 జీబీ, మన దగ్గరికి వచ్చేవి కూడా తక్కువే.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మాత్రం టీవీ దగ్గరే ఉంది. కొత్త టీవీకి హార్డ్ డిస్కు పెట్టగానే కొన్ని మోడళ్లలో రికార్డింగ్ కోసం "ఈ పరికరాన్ని ఫార్మాట్ చెయ్యాలా" అని స్క్రీన్ మీద అడుగుతుంది. ఇంట్లో ఎవరో రిమోట్‌లో ఓకే కొడతారు. అంతే, అన్నీ గోవిందా. రికవరీకి ట్రై చేస్తాం కానీ అన్నీ వస్తాయని గ్యారంటీ ఇవ్వలేను. డ్రైవు మీద ప్లాస్టర్ అంటించి "ఫార్మాట్ అంటే వద్దు" అని రాసి పెట్టుకోండి, నవ్వకండి, నేను మా ఇంట్లో అదే చేశాను. పాత టీవీ అయితే ఎఫ్ఏటీ32 అనే పాత రకం ఫార్మాట్‌లో ఉన్న హార్డ్ డిస్కు తప్ప చదవకపోవచ్చు, అందులో 4 జీబీ దాటిన ఒక ఫైలు పట్టదు, అందుకే కొనేముందు మీ టీవీ మాన్యువల్ చూసుకోండి. అన్నీ ఒకటే హార్డ్ డిస్కులో పెట్టుకొని ఒరిజినల్ డీవీడీలు పాతసామాన్ల వాడికి వెయ్యకండి. హార్డ్ డిస్కు కింద పడితే ఒక్క దెబ్బతో పోతుంది, పైగా మీరు కొన్నారనడానికి ఉన్న ఆధారం కూడా ఆ డీవీడీలే.

క్వాలిటీ గురించి ఆశలు పెట్టుకోవద్దు. డీవీడీ బొమ్మ మహా అయితే 720 బై 576 చుక్కలు, వీసీడీది 352 బై 288. 55 అంగుళాల టీవీలో కాస్త మసకగానే ఉంటుంది. ఎవరైనా మీ డీవీడీని 4కే చేసిస్తామని ఎక్స్‌ట్రా డబ్బులడిగితే ఇవ్వకండి, డిస్కులో లేని వివరం ఎక్కడి నుంచి తెస్తారు?

ఇక లెక్కలు. షాపులో కూర్చొని నేర్చుకుంటే గంటకు 300, ఇంటికి రావాలంటే 600, అది కూడా చిక్కడపల్లి, విద్యానగర్, నల్లకుంట, ముషీరాబాద్, హిమాయత్‌నగర్ వరకే. మియాపూర్ వైపు వాళ్లు ల్యాప్‌టాప్ పట్టుకొని మెట్రోలో రండి, ఎంజీబీఎస్‌లో మారితే చిక్కడపల్లి స్టేషన్‌లోనే దిగొచ్చు. డీవీడీ డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీది దొరుకుతుంది, మా దగ్గరే కొనాలని లేదు, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కూడా అడిగి చూడండి, తక్కువకు వస్తే అక్కడే తీసుకోండి. పైన 65ఏలో చెప్పినట్టు, వచ్చిన ప్రతి ఒక్కరి పేరు, అడ్రసు, ఎందుకు చేసుకుంటున్నారో రిజిస్టర్లో రాయించుకుంటాను, ఆధార్ అడగను, కోపం తెచ్చుకోవద్దు. ఒకసారి చేతికొస్తే మళ్లీ నా అవసరం మీకు ఉండదు, అది కూడా తెలిసే చెప్తున్నాను.

ఇప్పటికే సినిమా డిస్కులు ఇచ్చి వెళ్లినవాళ్లు వచ్చి తీసుకెళ్లండి, అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇచ్చేస్తాను, రసీదు పోయినా పర్వాలేదు, సంచుల మీద పేర్లు రాసి ఉన్నాయి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు షట్టర్ సగం దించి ఉంటుంది, తట్టండి, లోపలే ఉంటాను. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు డిస్కులతో పాటు వాటి కవర్లు కూడా తెచ్చుకోండి, ఒరిజినల్ అని తెలియాలి, దాని మీద సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో కూడా రాసి ఉంటుంది.